సోనుంతో మాట, యేసుతో మాట

కనబడనివారితో మాట్లాడటం మన సవరలకు మిషనరీలు వచ్చి నేర్పింది కాదు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోను, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోను ఉన్న సవరలు తరతరాలుగా చనిపోయినవారితో మాట్లాడుతూ వచ్చారు.

కుడాన్‌బోయి, అంటే పూజారిణి, కాళ్లు చాపి కూర్చుని పాట ఎత్తుకుంటుంది. ఆమె ప్రాణం కిందిలోకానికి దిగుతుందని నమ్మకం. అప్పుడు చనిపోయినవారి ఆత్మలు, అంటే సోనుంలు, ఒకరి తరువాత ఒకరు ఆమె నోటితో పలుకుతారు. చుట్టూ చేరిన చుట్టాలు ఊరికే విని ఊరుకోరు. ఏడుస్తారు, తగువు పడతారు, పరాచికాలాడతారు, ఎలా చనిపోయావని అడుగుతారు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకం వెలువరించాడు. 1975 నుంచి సవర ఊళ్లకు వచ్చిన పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఈ సంభాషణల మీదే ఒక పుస్తకం రాశాడు. దుఃఖాన్ని మాటతో తీర్చుకునే ఇంత పెద్ద ఏర్పాటు మనవాళ్లకు ఉందని ఆ పుస్తకాలు చదివితే తెలుస్తుంది.

దానికి ఖర్చూ ఉంది. సోనుం పట్టితే జబ్బు చేస్తుంది. కోడి, పంది, దున్న ఇవ్వాలి. అందుకు అప్పు చేసిన ఇళ్లున్నాయి.

20వ శతాబ్దంలో కెనడా బాప్టిస్టు మిషనరీలు పర్లాకిమిడి, సెరంగో ప్రాంతాల్లో పనిచేశారు. గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని 1931లో వ్యాకరణం, ఆ తరువాత నిఘంటువు ప్రచురించారు. బైబిలు సవరలోకి వచ్చింది. 1970ల తరువాత చదువుకున్న యువతరం ఎక్కువగా చర్చి వైపు నడిచింది. యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసు తన శిష్యులను దాసులని కాక స్నేహితులని పిలుస్తాడు. ఆ స్నేహితుడితో మాట్లాడటానికి దున్న అక్కరలేదు, మధ్యలో కుడాన్‌బోయీ అక్కరలేదు. పోడు చేలో కలుపు తీస్తూ అయినా, పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి అయినా, ఎవరి కష్టం వాళ్లే సొంత భాషలో చెప్పుకోవచ్చు. ఇది చిన్న మార్పు కాదు.

అయితే పోయిందేమిటో కూడా మనం చెప్పుకోవాలి. సోనుం అందరూ వినేలా ఎదురు పలికేది. యేసు జవాబును ఎవరికి వారు మనసులోనే వినాలి. చనిపోయిన అమ్మ యేసు దగ్గర ఉందని చర్చి ఓదారుస్తుంది, కానీ ఆమెతో మాట్లాడనివ్వదు. ఊరి దుఃఖాన్ని నడిపించిన ఆడవాళ్ల చోటు చాలావరకు మగ పాస్టర్లకు వెళ్లింది.

పాతదాన్ని దయ్యాల పూజ అని తీసిపారేయటం, కొత్తదాన్ని పరాయి మతమని వెక్కిరించటం, ఈ రెండింటితోనూ చరిత్ర తెలియదు. కుడాన్‌బోయిల పాటలు తెలిసిన అవ్వలు తగ్గిపోతున్నారు. ఉపాధ్యాయులు పిల్లల చేత ఆ పాటలూ, చర్చిలో సవరలో చేసే ప్రార్థనలూ రెండూ రాయించాలి. ఎవరితో మాట్లాడినా మనవాళ్లు మాట్లాడింది సవరలోనే. ఆ మాట నిలిస్తేనే రేపటి పిల్లలు ఈ రెండు దారులనూ తమవిగా తెలుసుకోగలరు.