గ్రిడ్డు, ఊరు, వాడ: కరెంటు లైన్ల చరిత్రలో మన చోటు

కరెంటు చరిత్ర రాసినవాళ్ళు డ్యాముల పేర్లు రాశారు, మెగావాట్లు రాశారు, శంకుస్థాపన చేసిన పెద్దల పేర్లు రాశారు. పుట్టిన కరెంటును ఏ లైనుకు కలిపారు, ఆ లైను ఎవరి దగ్గరికి పోయింది, ఎవరి నెత్తిమీదుగా పోయింది అన్న సంగతులు మాత్రం ఇంజనీర్ల ఫైళ్ళలోనే ఉండిపోయాయి. సాంకేతిక విషయం గదా, మనకెందుకులే అని మనవాళ్ళం కూడా వదిలేశాం. వదిలెయ్యడం పొరపాటని మా అభిప్రాయం. కొత్త విద్యుత్ కేంద్రాన్ని గ్రిడ్డుకు కలిపే ప్రతిసారీ ఎవరి అవసరం ముందు, ఎవరిది వెనక అన్నది కూడా అక్కడే తేలిపోతుంది. ఆ తేల్చిన చరిత్రని మనవైపు నుంచి ఒకసారి చూడాలని ఈ ప్రయత్నం.

దక్షిణాదిలో మొదటి పెద్ద లైను 1902లో పడింది. కావేరి మీద శివసముద్రం జలపాతం దగ్గర మైసూరు సంస్థానం కట్టిన కేంద్రం నుంచి 92 మైళ్ళ దూరంలోని కోలారు బంగారు గనులకు ఆ లైను వేశారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే పొడవైన లైన్లలో అదొకటి. బెంగుళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. అంటే సంస్థానంలోని అంత పెద్ద పట్టణం కంటే మూడేళ్ళు ముందే గనికి కరెంటు చేరింది. గనులు బ్రిటీషు కంపెనీలవి, నిర్వహణ జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్ళది. మరి భూమి లోపలికి దిగి రాయి కొట్టింది ఎవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం ప్రాంతాల నుంచి వలసపోయిన అంటరాని కులాలవాళ్ళు. వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. అయోతీదాసు పండితుడు మొదలుపెట్టిన శాక్య బౌద్ధ ఉద్యమానికి గట్టి శాఖ ఏర్పడింది కూడా ఈ గనుల్లోనే. కూలీలు పైకి తెచ్చిన రాయిని పొడిచేసే మరలకు కరెంటు కావాలి, అందుకని 92 మైళ్ళ లైను. ఈ దేశంలో కరెంటు తొలి ప్రయాణాల్లో ఒకటి మన చెమట పక్కకే వచ్చింది, అయితే మన కోసం రాలేదు.

దాన్ని గ్రిడ్డు అనడానికి లేదు. ఒక కేంద్రం, ఒక కొనుగోలుదారు, మధ్యన ఒక లైను, అంతే. తర్వాత నలభై ఏళ్ళూ కథ ఇంచుమించు ఇలాగే నడిచింది. 1910 విద్యుత్ చట్టం కింద పట్టణానికో లైసెన్సు కంపెనీ ఉండేది. దానికి సొంత ఇంజను, సొంత తీగలు, సొంత రేటు. డబ్బు రాలే వీధిలో స్తంభం పాతేవాళ్ళు, రాలని వీధి చీకటే. ఇంజను చెడితే ఊరంతా చీకటి.

గ్రిడ్డు పద్ధతి వేరు. అనేక కేంద్రాలను, అనేక ఊళ్ళను ఒకే అల్లికలో కలుపుతారు. కొత్తగా చేరే కేంద్రం తన ఓల్టేజిని లైను ఓల్టేజికి పెంచుకోవాలి. సెకనుకు 50 సైకిళ్ళ లెక్కలో అప్పటికే తిరుగుతున్న మిగతా యంత్రాలన్నిటితో అడుగులో అడుగు పడాలి. అప్పుడు గానీ స్విచ్చి వెయ్యరు. దీన్ని సింక్రనైజ్ చెయ్యడం అంటారు. ఒకసారి కలిసిన తర్వాత ఇది ఫలానా కేంద్రం కరెంటు అని విడదీసి చూపించడం ఎవరి తరమూ కాదు. అందరి కరెంటూ ఒకటే. మరి ఈ ఉమ్మడి తీగ ఎవరిది? ప్రభుత్వానిదా, కంపెనీలదా? దాన్ని ఎక్కడిదాకా లాగాలో చెప్పేదెవరు?

ఈ ప్రశ్నలను ప్రభుత్వం ముందు సూటిగా పెట్టినవాళ్ళలో ముఖ్యుడు అంబేద్కరే. ఈ మాట చెబితే మనవాళ్ళే నమ్మరు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరు. ఆ శాఖ కిందే విద్యుత్తు, నీటిపారుదల కూడా ఉండేవి. 1943 అక్టోబరు 25న యుద్ధానంతర పునర్నిర్మాణానికి సంబంధించిన విద్యుత్ విధాన కమిటీకి అధ్యక్షుడుగా ఆయన చేసిన ప్రసంగం ఇవాళ చదివినా కొత్తగానే ఉంటుంది. విద్యుత్తు ప్రైవేటు చేతిలో ఉండాలా, ప్రభుత్వం చేతిలో ఉండాలా. రాష్ట్రాలకు వదిలెయ్యాలా, కేంద్రం పూనుకోవాలా అని ఒక్కొక్క ప్రశ్నా విప్పి ముందుపెట్టాడు. అన్నిటికీ వెనక ఆయన వాదం ఒకటే: పరిశ్రమలు రాకుండా ఈ దేశం దరిద్రం పోదు, చవకగా సమృద్ధిగా కరెంటు లేకుండా పరిశ్రమలు రావు. భూమిలేని మనిషి భూస్వామి గడప వదిలి బతకాలంటే పల్లెలో సేద్యం కాకుండా ఇంకో పని ఉండాలి గదా. కరెంటుకీ కులానికీ సంబంధం ఏంటని అడిగేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మేము చూసినంతలో, ఆయన ఆర్థిక ఆలోచనలో విద్యుత్తు పక్క విషయం కానే కాదు. కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలని 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన అడిగింది ఇదే దారిలోని మాట.

ఆయన హయాంలోనే 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు, 1945లో కేంద్ర జలమార్గాలు, నీటిపారుదల కమిషను ఏర్పడ్డాయి. దామోదర్ లోయ పథకం మీద చర్చలు సాగాయి. 1948లో విద్యుత్ సరఫరా చట్టం వచ్చి రాష్ట్ర విద్యుత్ బోర్డులకు దారి వేసింది. ఆ చట్టంలో బోర్డు విధులు చెప్పే 18వ సెక్షను మనం తప్పకుండా చదవాలి. ఉత్పత్తి, సరఫరా, పంపిణీ మూడింటినీ కలిపి అభివృద్ధి చెయ్యాలంటుంది. అలా చేసేటప్పుడు ఇంకా కరెంటు అందని, సరిగా అందని ప్రాంతాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలంటుంది. కేంద్రాన్ని గ్రిడ్డుకు కలిపే పని, అందనివాడికి అందించే పని, రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

ఆచరణలో ఆ వాక్యం రెండు ముక్కలైంది.

మొదటి ముక్కకు అన్నీ అమిరాయి. మద్రాసు, ఒరిస్సాల ఉమ్మడి పథకంగా మొదలైన మాచ్‌ఖండ్ 1955లో నడక మొదలుపెట్టింది. అడవిలో ఆదివాసుల భూములు మునిగాయి, కరెంటు కొండ దిగి మైదానానికి వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. తర్వాత శ్రీశైలం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు నీళ్ళపాలు. భూమి పోయినవాడికి భూసేకరణ చట్టం ఏదో ఒక నష్టపరిహారం చూపింది. ఆ భూమిలో కూలి చేసి బతికినవాడికి ఏముంది చూపడానికి? 1983లో రామగుండంలో ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ తిరిగింది. దానికోసం నాగార్జునసాగర్, కడప మీదుగా మద్రాసు దాకా 400 కిలోవోల్టుల లైను నిలిచింది. ఇవన్నీ పెద్ద పనులే, కాదనడం లేదు. ప్రతిదానికీ ఒక ఫైలుంది, ఒక గడువుంది, అప్పిచ్చిన బ్యాంకుంది.

రెండో ముక్క సంగతి చూడండి. ఊరికి కరెంటు వచ్చిందని లెక్క రాయడానికి 1997 దాకా ఉన్న నిర్వచనం ఇది: గ్రామ రెవెన్యూ సరిహద్దులో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడితే చాలు, ఆ గ్రామం విద్యుదీకరణ అయినట్టే. అంటే పొలంలో ఒక ఆసామి బావి మీద ఒక్క మోటారు తిరిగితే ఊరంతా వెలిగినట్టు రాసుకోవచ్చు. ఇంట్లో బల్బు వెలగనక్కరలేదు. హరిత విప్లవం రోజుల్లో స్తంభాలు ఎటు నడిచాయో దీంట్లోనే తెలుస్తుంది. బావి ఉన్నవాడి వైపు నడిచాయి. బావి భూమి ఉన్నవాడికి ఉంటుంది, భూమి ఎవరి చేతిలో ఉందో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పాలా? మాలపల్లెలో, మాదిగ గూడెంలో బుడ్డి దీపం ముందు కూర్చుని, ఎదురుగా ఊళ్ళో లైట్లు చూస్తూ చదువుకున్న తరం మనది. సర్కారు కాగితం ప్రకారం అప్పటికే మన ఊరు వెలిగిపోయింది.

1997లో నిర్వచనం కొంత మారింది. జనం నివసించే చోట వాడాలి అన్నారు. నివసించే చోటంటే ఊరా, వాడా? ఆ మాట చెప్పలేదు. 2004 ఫిబ్రవరిలో గానీ అసలు మాట రాలేదు. ట్రాన్స్‌ఫార్మరు, పంపిణీ లైన్లు ఊరితో పాటు, దళితవాడ ఉంటే ఆ వాడలో కూడా ఉండాలి. బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్ల కరెంటు ఉండాలి. మొత్తం ఇళ్ళలో కనీసం పదో వంతుకి కరెంటు ఉండాలి. 1948 చట్టానికి 56 ఏళ్ళ తర్వాత విద్యుదీకరణ నిర్వచనంలోకి 'దళితవాడ' అన్న మాట ఎక్కింది. దేశంలో అంటరానితనం ఊరి నక్షాలో ఉందని విద్యుత్ శాఖ ఒప్పుకోడానికి అంతకాలం పట్టింది. 2018 ఏప్రిల్ 28న దేశంలో అన్ని గ్రామాలూ విద్యుదీకరణ అయ్యాయని ప్రకటించింది ఈ నిర్వచనం ప్రకారమే. పదిళ్ళలో తొమ్మిదిళ్ళు చీకటిగా ఉన్నా ఆ లెక్క చెల్లుతుంది.

ఇదే కాలంలో మొదటి ముక్క ఎంత దూరం పోయిందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1991 తర్వాత ఉత్పత్తిలోకి ప్రైవేటు కంపెనీలను పిలిచారు. 1992 నాటి నోటిఫికేషను వాళ్ళ పెట్టుబడి మీద 16 శాతం రాబడికి హామీ ఇచ్చింది. ఖర్చులో స్థిరభాగం అంటూ ఒకటి పెట్టారు; కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, బోర్డు కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా అది కట్టాల్సిందే. 1990ల రెండో సగంలో జేగురుపాడు, కాకినాడ గ్యాస్ కేంద్రాలు ఇలాంటి ఒప్పందాల మీదే గ్రిడ్డులోకి వచ్చాయి. తర్వాత బోర్డును విడగొట్టడం, 2000లో చార్జీల పెంపు, ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు అందరికీ తెలిసినవే. కేంద్రానికి గ్యారంటీ ఉంది. గుడిసెకి గ్యారంటీ ఏదీ?

ఇక కోలారు సంగతి మళ్ళీ వస్తుంది. బంగారు గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. 2003లో ఒరిస్సాలోని తాల్చేరు నుంచి కోలారుకు 2000 మెగావాట్లు మోసే డీ.సీ. లైను వచ్చింది. దక్షిణాది రాష్ట్రాలకు కరెంటు పంచడానికి 1300 కిలోమీటర్లు దాటిన ఆ లైను ఆంధ్ర నేల మీదుగానే పోయింది. నూరేళ్ళ కింద జిల్లాకు మొదటి లైను తెప్పించిన గని కార్మికుల పిల్లలు పని పోయి రోజూ బెంగుళూరుకు రైలెక్కుతున్న కాలమది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో సింక్రనైజ్ అయ్యింది. అప్పటినుంచి దేశమంతా ఒకే గ్రిడ్డు.

ఇప్పుడు వస్తున్నవి సౌర కేంద్రాలు. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. అక్కడ పుట్టిన కరెంటును పూలింగ్ సబ్‌స్టేషన్లలో 220కి, ఆపైన 400 కిలోవోల్టులకు పెంచి గ్రిడ్డుకు కలుపుతారు. సౌర పార్కులకు నప్పేది చవకైన మెట్ట నేల. రాయలసీమ మెట్టల్లో, గుట్టల పక్కన డి.పట్టాలుగా మనవాళ్ళకు పంచింది కూడా ఆ రకం నేలే. 1977లో వచ్చిన చట్టం ఆ భూమిని అమ్ముకోనివ్వలేదు. సర్కారుకు అవసరం వచ్చినప్పుడు మాత్రం అది ముందుగా సర్కారు భూమి అయిపోతుంది.

లైను సంగతి ఇంకా తక్కువగా మాట్లాడుకుంటాం. టవరు వెయ్యడానికి భూమిని సేకరించనక్కరలేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం వాడుకునే హక్కు మాత్రం తీసుకుని, జరిగిన నష్టానికి పరిహారం ఇమ్మంది. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను ఆ అధికారాలనే లైను వేసేవాళ్ళకు ఇచ్చే వీలు కల్పించింది. 400 కిలోవోల్టుల లైను కింద 46 మీటర్ల వెడల్పున చెట్టు పెంచకూడదు, ఇల్లు కట్టకూడదు. ఎకరం అంటే ఒక్కో వైపు దాదాపు 64 మీటర్ల చదరం. ఇరవై ఎకరాల ఆసామికి ఆ లైను ఒక మూల గీత. పంపకంలో వచ్చిన ఒక్క ఎకరం మధ్యగా పోతే నాలుగింట దాదాపు మూడు వంతులు దానికిందే. చట్టానికి ఇద్దరూ సమానమే. 2015లో కేంద్రం టవరు అడుగు భూమికి విలువలో 85 శాతం, లైను కింది జాగాకు 15 శాతం దాకా అంది. 2024లో వాటిని 200, 30 శాతాలకు పెంచింది. పెరిగింది మంచిదే. అయితే ఆ డబ్బు అడంగల్‌లో పేరున్నవాడికి పోతుంది. కౌలుకి చేసేవాడి పేరు చాలాచోట్ల అందులో ఉండదు, కూలివాడి పేరు ఉండనే ఉండదు.

ఈ వ్యాసానికి మేము చట్టాలు, ప్రసంగాలు, నిర్వచనాలు మాత్రమే చూడగలిగాం. వాడల చరిత్ర వాటిల్లో లేదు, పెద్దల జ్ఞాపకంలో ఉంది. చదివినవాళ్ళు మీ ఊరికి మొదటి స్తంభం ఏ సంవత్సరం వచ్చిందో, మీ వాడకి ఏ సంవత్సరం వచ్చిందో రెండూ విడివిడిగా అడిగి రాసిపెట్టండి. వాడ మీదుగా పెద్ద లైను పోయి ఉంటే అది ఏ కేంద్రానిదో, అప్పుడు ఎవరు వచ్చి ఏం చెప్పి పోయారో అది కూడా రాయండి. ఆ పెద్దలు ఉండగానే అడగాలి.