నేల, గడప: ఉత్తరాంధ్ర గృహసంరక్షణలో స్త్రీల శ్రమ

ఉత్తరాంధ్ర గృహనిర్మాణంలో కలప నేల అరుదు. ఇక్కడి కొండల్లో గుగ్గిలం వంటి గట్టి కలప లభించినా, అది దూలాలకూ ద్వారబంధాలకూ పరిమితమైంది. తేమ, చెదల భయమున్న నేలకు దిమ్మిస కొట్టిన మట్టే ఆధారమైంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆ నేలను నిలిపినది స్త్రీల శ్రమ. పగుళ్లను మట్టితో పూడ్చి, పేడనీటితో అలికేవారు. నేలను తాకే కలప ముఖ్యంగా గడపే; శుక్రవారాల్లో, పండుగల్లో దానికి పసుపు పూసినదీ వారే. వడ్రంగి పని ఇల్లు కట్టినప్పుడే ముగుస్తుంది, అలుకు పని ఇల్లున్నంత కాలం సాగుతుంది. అయినా వృత్తుల చరిత్రలో వడ్రంగికి దక్కిన స్థానం అలికే స్త్రీకి దక్కలేదు. సిమెంటు, టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు ఆ శ్రమను తగ్గించాయి. మట్టి, పేడ పాళ్లను గురించిన వారి అనుభవజ్ఞానం మాత్రం గ్రంథస్థం కాకముందే కనుమరుగవుతున్నది. అది తెలిసిన తరం ఉండగానే దానిని నమోదు చేయవలసి ఉంది.