వరసగా ఐదు రోవర్స్ కప్పులు

ఫుట్‌బాల్ క్లబ్బుల్లో గొప్పది ఏదంటే ప్రపంచం రియల్ మాడ్రిడ్ పేరు చెబుతుంది. 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదు యూరోపియన్ కప్పులు మరి! అంతకు ముందే, 1950 నుంచి 1954 దాకా, బొంబాయి రోవర్స్ కప్పును వరసగా ఐదుసార్లు ఎగరేసుకుపోయిన జట్టు ఒకటుంది. హైదరాబాద్ సిటీ పోలీస్.

1950లో డ్యూరాండ్ కప్పు కూడా వాళ్లదే.

ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. కుర్రాళ్లకు అలవాటు లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవాడు. రెండో కాలు పనిచేయకపోతే సగం ఆటగాడే కదా! ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. నూర్ మహమ్మద్ వంటి హైదరాబాదీలు అందులో ఉన్నారు.

మన దేశంలో గొప్ప జట్టు ఇదే అంటే కలకత్తావాళ్లు ఊరుకుంటారా? 1911లో బ్రిటిష్ సైనిక జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన మోహన్ బగాన్‌ను ముందుకు తెస్తారు. చరిత్ర బరువులో దానికి సాటి లేదు. కానీ అది ఒక్క ఏడాది మెరుపు; ఏళ్ల తరబడి నిలకడ చూస్తే తూకం పోలీసులవైపే మొగ్గుతుంది.

అసలు పోటీ ఈస్ట్ బెంగాల్‌తోనే. 1949 నుంచి మూడేళ్లు వరసగా షీల్డు గెలిచిన ఆ జట్టు ముందువరస ఆటగాళ్లు ఐదుగురిని 'పంచపాండవులు' అనేవారు. వారిలో ఒకడు అప్పారావు, మన కాకినాడవాడే!