లివర్ స్కాన్‌లో చుక్కల లెక్క

న్యూక్లియర్ అనగానే మనకి బాంబు, కరెంటు రియాక్టరే గుర్తొస్తాయి. ఆస్పత్రిలో దాని చరిత్ర వేరే.

ఎక్స్‌రేలో కిరణం బయట నుంచి వస్తుంది. ఇక్కడ రోగికి ఎక్కించిన మందే లోపల నుంచి గామా కిరణాలు వదులుతుంది. 1950 ప్రాంతంలో అమెరికాలో బెనెడిక్ట్ కాసెన్ చేసిన స్కానర్, నాగలి సాలు తీసినట్టు ఒక్కో వరుసే కదిలేది. 1957లో బర్క్‌లీలో హాల్ యాంగర్ కట్టిన కెమెరా అవయవాన్ని ఒకేసారి చూసింది. 1960ల్లో టెక్నీషియం-99ఎం వాడకంలోకి వచ్చింది. ఆరు గంటలకి అది సగమైపోతుంది. దాన్ని కొల్లాయిడ్‌గా నరంలోకి ఎక్కిస్తే కాలేయంలోని కుప్ఫర్ కణాలు మింగేస్తాయి. గడ్డ ఉన్నచోట మామూలుగా ఆ కణాలుండవు, బొమ్మలో ఖాళీ కనిపిస్తుంది.

కనిపిస్తే కదా! ఒక గడిలో వంద చుక్కలు పడాల్సిన చోట తొంభై పడొచ్చు, నూటపది పడొచ్చు. అది జబ్బు కాదు, లెక్కలో సహజంగా వచ్చే తేడా. అందుకే బొమ్మని 64 అడ్డం, 64 నిలువు, అంటే 4,096 గడులు చేసి కంప్యూటర్‌కి ఇచ్చారు. ప్రతి గడినీ చుట్టూ ఉన్న ఎనిమిదితో కలిపి సగటు తీస్తే గరుకుదనం పోతుంది. కానీ అదే సగటు చిన్న గడ్డనీ చెరిపేయగలదు! బొమ్మ అందంగా ఉంటే రోగం దొరికినట్టు కాదు.

ఇంకో చిక్కు ఊపిరి. శ్వాసతో పాటు కాలేయం పైకీ కిందకీ జరుగుతుంది, చిన్న ఖాళీ పూడిపోతుంది. 1970ల మొదట్లో దీనికో ఉపాయం చేశారు. ఒక్క పొడవాటి బొమ్మకి బదులు చిట్టి బొమ్మలు బోలెడు తీయడం, ఒక్కోదాని మధ్యబిందువు కనుక్కుని, అన్నీ ఒకేచోటికి జరిపి కూడటం. మాకు బాగా నచ్చింది ఇదే. లేనిది చేర్చలేదు, ఉన్నదాన్ని దాని చోట పెట్టారంతే.

తర్వాత అల్ట్రాసౌండ్, సీటీ వచ్చి గడ్డలు వెతికే పని చాలావరకు తీసుకున్నాయి. ఊపిరిని సరిచేసే ఆలోచన మాత్రం ఇవాళ్టి పెట్ స్కాన్లలోనూ ఉంది.

ఒక మాట వదిలేయలేం. టెక్నీషియం పుట్టేది మాలిబ్డినం-99 నుంచి, అది ఎక్కువగా రియాక్టర్లో యురేనియం నుంచే తీస్తారు. ఈ కెమెరాలు ఎదిగిన దశాబ్దాల్లోనే అమెరికాలో నవాహో ఆదివాసీల నేలలో యురేనియం తవ్వారు, కార్మికులకి ఊపిరితిత్తుల క్యాన్సర్లొచ్చాయి. ఆ యురేనియమే ఈ మందుల్లోకి వచ్చిందని అనట్లేదు. మన దగ్గర చెంచులుండే నల్లమలలో యురేనియం తవ్వొద్దని తెలంగాణ అసెంబ్లీ 2019లో తీర్మానం చేసింది. గామా కెమెరాలు మాత్రం ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి.