దురద వెనక దాగిన మందు

చేని కంచె మీద ఎండిన దూలగొండి కాయ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వేలెడు పొడవు, కాస్త వంకర, ఒళ్లంతా బంగారు రంగు నూగు. ఆ నూగు గాలికి రాలి మెడ మీద పడిందా, ఇక గోళ్లకు తీరిక ఉండదు. పక్కవాడి చొక్కాలో దాన్ని వేసి తన్నులు తిన్న ఘనులు చాలా ఊళ్లలో కనిపిస్తారు.

సంస్కృత వైద్య గ్రంథాలు దీన్ని కపికచ్ఛు అన్నాయి, అంటే కోతికి దురద పుట్టించేది. మన వైద్యులకు కావలసింది లోపలి గింజ. పాలలో ఉడికించి, పొట్టు తీసి, పొడి చేసి వీర్యవృద్ధికీ వాతరోగాలకూ ఇచ్చేవారు. ఐరోపావాళ్లు మాత్రం గింజ వదిలేసి నూగు పట్టుకున్నారు! దాన్ని పాకంలో కలిపి కడుపులో పురుగులకు మింగించేవారు. విలియం చాంబర్లేన్ అనే లండన్ సర్జన్ 1784లో ఈ వైద్యం మీద ఓ పుస్తకమే వేశాడు.

గింజ గుట్టు విప్పింది మద్రాసు. 1937లో అక్కడి విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి ఈ గింజల్లోంచి ఎల్-డోపాను వేరుచేశారు. అది ఏ జబ్బుకు పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అంతకుముందు 1913లో అదే పదార్థాన్ని మరో రకం చిక్కుడు నుంచి తీసిన శాస్త్రవేత్త మార్కస్ గుగెన్‌హైమ్, రెండున్నర గ్రాములు తానే మింగి వాంతి చేసుకున్నాడు.

దాని జాతకం 1957లో మారింది. స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసెర్పిన్ అనే మందు ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. ఆ రిసెర్పిన్ కూడా మన సర్పగంధ వేరులోదే. తర్వాత డోపా ఎక్కించగానే కుందేళ్లు లేచి తిరిగాయి. పదేళ్లకు అమెరికాలో జార్జ్ కొట్జియాస్ అనే వైద్యుడు, కదలికలు బిగుసుకుపోయే పార్కిన్సన్ రోగులకు డోపాను కొద్దికొద్దిగా పెంచుతూ పెద్ద మోతాదుల దాకా తీసుకెళ్లి ఫలితం చూపాడు. గుగెన్‌హైమ్‌కు వాంతి, ఈ రోగులకు నడక. కిటుకంతా మోతాదును మెల్లగా పెంచడంలోనే ఉంది.

గింజ మళ్లీ ఆసుపత్రి గడప తొక్కింది. 2004లో లండన్ వైద్యులు ఎనిమిది మంది రోగులకు 30 గ్రాముల పొడి ఇస్తే, మామూలు డోపా మాత్ర కంటే త్వరగా పనిచేసింది. అది వైద్యుల కళ్లెదుట, తూకం వేసి ఇచ్చిన పొడి.

ఇవాళ అదే గింజ ‘బలానికి’, ‘హుషారుకు’ అంటూ సీసాల్లో అమ్ముడవుతోంది. 2022లో అమెరికాలో ఇలాంటి 16 రకాలను పరీక్షిస్తే, ఒకదానిలోని డోపాకూ మరోదానిలోని డోపాకూ పొంతనే లేదు. ఇంట్లో ఎవరైనా పార్కిన్సన్‌కు లెవోడోపా (ఎల్-డోపాకే మరో పేరు) వాడుతూ దూలగొండి మాత్ర కూడా మొదలుపెడితే, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. రెండింట్లోనూ ఉన్నది ఒకే మందు.