సద్ద అంబలి నుంచి తెల్ల అన్నం దాకా: మన ఆకు మారిన కథ



పోయిన ఉగాది విందులో మేము కూర్చున్న పంక్తిలో ఒక సంగతి చూసినాము. పన్నెండు మందిలో ఏడుగురు జేబులోంచో సంచిలోంచో షుగరు మాత్ర తీసి వేసుకున్నారు. ఆ తరువాత ఆ ఏడుగురూ తెల్ల అన్నం మూడుసార్లు వేయించుకున్నారు, పాయసమూ తాగినారు. ఆ ఏడుగురిలో మేమూ ఒకరం. ఇంటికి వచ్చి పడుకుంటే ఒకటే ఆలోచన. మన తాతలు ఇట్లా తినలేదే, ఈ అన్నం మన ఆకు మీదికి ఎప్పుడు వచ్చింది, ఎట్లా వచ్చింది? తెలిసినంత రాస్తున్నాము.

మన పెద్దలు చాలామంది విజయనగర కాలంలో, మదురై నాయకుల కాలంలో దక్షిణానికి వచ్చినవాళ్లు. అందరికీ కావేరి నీళ్లు పారే పొలం దొరకలేదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, అరుప్పుక్కోట్టై పక్కల మనవాళ్లకు దొరికింది కరిసల్ నేల, అంటే నల్లరేగడి. వాన పడితేనే పంట. అక్కడ పత్తితో పాటు సద్దలు, జొన్నలు, రాగులు, కొర్రలు, సామలు పండించుకున్నారు. మాది తమిళ బడి చదువు. బడిలో కంబు, చోళం, కేళ్వరగు, తినై, సామై అని నేర్చుకున్నాము. ఇంట్లో అవ్వ చెప్పే సద్దలూ బడిలో చదివిన కంబూ ఒకే గింజ అని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

ఆ ఇండ్లలో పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి, పక్కన ఆకుకూరో పులుసో, మజ్జిగ. వరి అన్నం దీపావళికి, పొంగలుకు, పెండ్లికి, చుట్టం వస్తే. ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ అవార్డు పొందిన కి. రాజనారాయణన్ గారి పుస్తకాలు చదివినవాళ్లకు ఆ ఊళ్ల బతుకు బాగా తెలుసు. వరి అన్నం అరుదు కాబట్టి అదే గౌరవం అయింది. సంబంధం చూసేటప్పుడు "ఆ ఇంట్లో దినమూ అన్నమే" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు. అక్కడే మన ఆకు మారడం మొదలైంది అని మా అభిప్రాయం. కడుపు కన్నా ముందు మనసు మారింది.

ఇప్పుడు ఇంకొక కథ చెప్పాలి. రోట్లో దంచిన బియ్యంలో కొంత తవుడు మిగిలేది. మిల్లు వచ్చినాక తవుడంతా పోయి గింజ తెల్లగా మెరిసింది. తవుడుతో పాటు బి1 విటమినూ పోయింది. అది లేకపోతే వచ్చే జబ్బు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి బలం పోతుంది, గుండె కూడా దెబ్బ తింటుంది. జావాలో ఐక్‌మన్ అనే డాక్టరు తెల్ల బియ్యం తిన్న కోళ్లకు ఇటువంటి జబ్బే వస్తుందని కనిపెట్టినారు. ఆ పనికి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన రాజధానిలోనూ ఈ పని జరిగింది. అప్పుడు తెలుగు జిల్లాలు, తమిళ జిల్లాలు అన్నీ ఒకే మద్రాసు రాజధాని కదా. 1918లో నీలగిరి కూనూరులో, పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి విచారణ మొదలుపెట్టినారు. ఆయన తరువాత వచ్చిన ఐక్రాయిడ్ గారి బృందం ఒక విచిత్రం గమనించింది. బెరిబెరి ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే తెలుగు కోస్తాలో ఎక్కువ. అన్నమే తినే తమిళ జిల్లాల్లో మాత్రం దాదాపు లేదు. కారణం బియ్యంలోనే ఉంది. అక్కడ మిల్లులో పట్టిన పచ్చి బియ్యం. ఇక్కడ వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి పట్టిన పుళుంగల్ అరిసి, మన మాటలో ఉప్పుడు బియ్యం. అట్లా ఉడికినప్పుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి దిగుతుంది. మిల్లు తవుడు తీసినా అది నిలుస్తుంది. ధాన్యం ఒకటే, చేసే పద్ధతి వేరు, దాంతో ప్రాణమే నిలిచింది.

ఇంక మా కాలం. 1967 ఎన్నికల్లో రూపాయికి మూడు పడి బియ్యం అనే మాట రాష్ట్రాన్నే మార్చింది. 1982లో ఎం.జి.ఆర్. సత్తుణవు పథకం బడి పిల్లల పళ్లెంలో దినమూ అన్నం పెట్టింది. 2011 జూన్ నుంచి రేషను కార్డుకు బియ్యం ఉచితం అయింది. మేము గూడ్స్ షెడ్డులో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ బియ్యం వ్యాగన్లు రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టేది. సద్దల వ్యాగన్ ఒక్కటి రాసిన జ్ఞాపకం లేదు. ఇందులో ఎవరినీ తప్పు పట్టకూడదు. ఆకలి ఎరిగినవాళ్లు ఆ బియ్యాన్ని తిట్టరు. అది ఎన్నో ఇండ్లను కాపాడింది. తప్పు ఎక్కడంటే, అన్నం పెరిగింది, పక్కన ఉండే కూర తగ్గింది, పొలం పని పోయి కుర్చీ పని వచ్చింది. గౌరవం అనే పాత ఆశ మాత్రం పోలేదు.

కూనూరులో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 2024లో వాళ్లు ఇచ్చిన సలహా ఏమంటే, దినానికి మనకు అందే శక్తిలో ధాన్యాల వంతు 45 శాతం దాటకూడదు. మిగతాది పప్పు, కూరగాయలు, పండ్లు, గింజలు, పాలు వంటివాటి నుంచి రావాలి. మన ఆకును ఒకసారి గుర్తు చేసుకోండి. ముప్పాతిక అన్నమే కదా.

సద్దలు, రాగులు మందు అని మేము చెప్పము. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, తెల్ల బియ్యంలో పది దగ్గర. అది నిజం. అయినా సంగటి ముద్దలు మూడు తింటే షుగరు పెరగనే పెరుగుతుంది. అంగట్లో తెల్లగా పాలిష్ పట్టి అమ్మే సామలు, కొర్రలు కొంటే మళ్లీ మిల్లు కథే. అవ్వ సద్దలు తిన్నది, దాంతో పాటు పొద్దంతా కలుపు తీసింది. ఆ రెండోదాన్ని మరిచిపోతే లాభం లేదు. మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఏదీ మార్చకండి.

మా ఇంట్లో మూడు మార్పులు చేసినాము. అన్నం ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచినాము. దినానికి ఒక పూట సద్దలో రాగులో. సాయంత్రం మిక్చరుకు బదులు వేయించిన శనగలు. వంటింట్లో చిన్న గొడవ జరిగింది, తరువాత సర్దుకున్నది.

సంగానికి ఒక్క మనవి. వచ్చే ఉగాది విందులో పాయసం ఉండనీ, పండుగ కదా. అన్నానికి ముందు ఒక చిన్న గ్లాసు సద్ద అంబలి, రెండు కూరలు ఎక్కువ పెట్టండి. అది పేదవాళ్ల తిండి అని ఎవరైనా ముఖం చిట్లిస్తే, అవును, మన తాతల తిండే అని చెప్పండి. అవ్వ చేసిన వంట ఇంకా చేతికి తెలిసిన పెద్దమ్మలు మన సంగంలో కొందరే మిగిలి ఉన్నారు. వాళ్లను ఆ రోజు వంటశాలకు పిలవండి, ఆడపిల్లలూ మగపిల్లలూ పక్కన నిలబడి నేర్చుకోవాలి.

మా తెలుగు రాతలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.