అవధి, అవిచ్ఛిన్నత

కలన గణితంలో చలరాశి ఒక బిందువుకు దగ్గరవుతున్న కొద్దీ ప్రమేయం విలువ ఏ సంఖ్యను సమీపిస్తుందో అదే అవధి. ఆ బిందువు దగ్గర ప్రమేయానికి ఉన్న విలువ అవధితో సమానమైతే ప్రమేయం అక్కడ అవిచ్ఛిన్నం.

బెంగళూరు ప్రయాణ ఛార్జీల్లో ఈ రెండూ కళ్లకు కడతాయి. 2025 ఫిబ్రవరి సవరణ ప్రకారం నమ్మ మెట్రోలో 2 కిలోమీటర్ల వరకు 10 రూపాయలు, ఆపై 4 కిలోమీటర్ల వరకు 20. దూరం 1.9, 1.99, 1.999 అంటూ ఎడమవైపు నుంచి 2ను సమీపిస్తే ఛార్జీ 10 దగ్గరే ఉంటుంది. 2.1, 2.01, 2.001 అంటూ కుడివైపు నుంచి వస్తే 20. రెండూ కలవవు కాబట్టి అక్కడ అవధే లేదు, రేఖాచిత్రం తెగిపోతుంది. సరిగ్గా 2 కిలోమీటర్లకు ఛార్జీ 10 అని రాసి ఉన్నా లాభం లేదు. విద్యార్థులు తడబడేది ఇక్కడే: విలువ ఉండటం వేరు, అవధి ఉండటం వేరు.

ఆటో ఛార్జీ అలా కాదు. 2025 ఆగస్టు 1 నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, తర్వాత కిలోమీటరుకు 18. ఈ లెక్కను ఉన్నదున్నట్టు గీస్తే 2 దగ్గర రెండువైపులా 36కే చేరుతుంది. గీత మలుపు తిరుగుతుందే గాని తెగదు. ఆ మలుపు దగ్గర అవకలనం మాత్రం కుదరదు.

ఈ భావనలకు కచ్చితమైన రూపమిచ్చినవారిలో బొల్జానో (1817), కోషీ (1821) ముఖ్యులు. నేటి ఎప్సిలాన్-డెల్టా పద్ధతిని వైయర్‌స్ట్రాస్ తన బెర్లిన్ పాఠాల్లో స్థిరపరిచారు.